గాలి మాటలకు చిట్టా

శనివారం తెల్లవారుజామున 5 గంటలు. మార్గశిర మాసపు చలి. ఏలూరులో ఒక హామ్ రేడియో ఆపరేటర్ దుప్పటి కప్పుకుని రేడియో ముందు కూర్చున్నాడు. 40 మీటర్ల బ్యాండ్‌లో ఇటలీ స్టేషన్ ఒకటి పలుచగా వినిపించింది. పిలిచాడు, జవాబొచ్చింది, రెండు నిమిషాల్లో మాట ముగిసింది. ఇటలీలో అప్పుడు అర్ధరాత్రి దాటి అరగంట. ఇక్కడా శనివారమే, అక్కడా శనివారమే. అయినా ఇద్దరూ తమ మాటల నమోదు పుస్తకంలో, అంటే లాగ్‌లో రాసుకున్నది మాత్రం శుక్రవారం తేదీ, 23.30 గంటలు.

కొత్తగా హామ్ రేడియోలోకి వచ్చినవాళ్లు మొట్టమొదట తడబడేది ఇక్కడే. హామ్‌లు ఎవరి ఊరి గడియారం వాళ్లు చూసుకోరు. అందరిదీ ఒకటే కాలం, యూటీసీ. మన సమయం దానికి ఐదున్నర గంటలు ముందు నడుస్తుంది. అందుకే మనకు పొద్దున ఐదున్నర అయ్యేదాకా లాగ్‌లో తేదీ మారదు. పంచాంగం ప్రకారం తిథి మారే వేళ ఒకటి, క్యాలెండర్‌లో తేదీ మారే వేళ ఒకటి ఉన్న మనకు ఇది మరీ వింతేమీ కాదు. నా రేడియో పక్కన గోడకు రెండు గడియారాలుంటాయి. ఒకటి ఇంటికి, ఒకటి లాగ్‌కు.

ఇంత పట్టింపు ఎందుకంటే, ఆ శుక్రవారం 23.30 రెండుచోట్ల ఒకేలా ఉండాలి. హామ్ రేడియోలో జరిగిన ప్రతి సంభాషణ రెండు పుస్తకాల్లోకి ఎక్కుతుంది, ఒకటి మనది, రెండోది అవతలివాళ్లది. మాట గాలిలో పుట్టి గాలిలోనే పోతుంది. మిగిలేది ఆ రెండు రాతలే. అవి ఒకదానితో ఒకటి సరిపోలితేనే ఆ మాట జరిగినట్టు లెక్క. ఒక్క పుస్తకంలోనే ఉన్నది సగం మాట. లాగ్ రాయడంలోని పద్ధతులన్నీ, ఇప్పుడు కంప్యూటర్ చేసే పనులన్నీ ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతాయి.

హామ్ అంటే లైసెన్సు ఉన్న అభిరుచి రేడియో ఆపరేటర్. కేంద్ర ప్రభుత్వ కమ్యూనికేషన్ల మంత్రిత్వ శాఖ కింద పరీక్ష రాసి, లైసెన్సు పొంది, తనకంటూ ఒక కాల్‌సైన్ తెచ్చుకుంటాడు. మన దేశంలో జనరల్ గ్రేడ్ వాళ్ల కాల్‌సైన్‌లు వీయూ2తో, రెస్ట్రిక్టెడ్ గ్రేడ్ వాళ్లవి వీయూ3తో మొదలవుతాయి. 1978లో వచ్చిన అమెచ్యూర్ సర్వీస్ నియమాలు లాగ్ రాయడాన్ని తప్పనిసరి చేశాయి. చట్టం చెప్పింది కాబట్టి రాసేవాళ్లూ ఉన్నారు. చట్టం చెప్పకపోయినా రాసేవాళ్లు ఎక్కువ. అమెరికాలో లాగ్ తప్పనిసరి అనే నిబంధనను 1980ల్లోనే తీసేశారు. అక్కడ హామ్‌లు రాయడం మానలేదు.

లాగ్‌లో గడులు ఎన్నో ఉండవు. తేదీ, సమయం, ఫ్రీక్వెన్సీ లేదా బ్యాండ్, మాట్లాడిన పద్ధతి, అంటే గొంతుతోనా, మోర్స్‌తోనా, డిజిటల్‌గానా, అవతలివాళ్ల కాల్‌సైన్, మనం ఇచ్చిన రిపోర్టు, మనకొచ్చిన రిపోర్టు. తర్వాత పేరు, ఊరు, ఇంకేమైనా ఉంటే ఒక ముక్క. ఊరు చెప్పడానికి హామ్‌లకు ఒక పొట్టి దారి ఉంది. భూగోళాన్ని గళ్లుగా విడదీసి ఒక్కో గడికి రెండు అక్షరాలు, రెండు అంకెలు ఇచ్చారు. హైదరాబాద్ ఎంకే97లో ఉంది, విజయవాడ ఎన్‌కే06లో, విశాఖపట్నం ఎన్‌కే17లో.

వీటన్నిటిలోకీ ప్రాణం కాల్‌సైన్. అది ఒక్క అక్షరం తప్పితే మిగతావన్నీ సరిగ్గా రాసినా వృథా. ఇంగ్లిషు అక్షరాల్లో బీ, సీ, డీ, ఈ, జీ, పీ, టీ, వీ అన్నీ ఒకే ఈకారంతో ముగుస్తాయి. రేడియో గరగరలో ముందున్న హల్లు కొట్టుకుపోతే మిగిలేది ఆ ఈకారమే. అందుకే బీకి బ్రావో, డీకి డెల్టా, వీకి విక్టర్ అని పూర్తి మాటలు పలుకుతారు. మా పెద్దవాళ్లు నేర్పిన పద్ధతి ఒకటుంది. విన్నదాన్ని విన్నంతవరకే పెన్సిల్‌తో చిత్తు కాగితం మీద వేసుకోవాలి. వినపడని అక్షరం ఉన్న చోట చుక్క పెట్టాలి, ఊహించి నింపకూడదు. అవతలివాళ్లను మళ్లీ అడిగి, ఆ చుక్క నిండాక మన నోటితో కాల్‌సైన్ మొత్తం తిరిగి చెప్పాలి. వాళ్లు అవునన్నాకే లాగ్‌లోకి ఎక్కించాలి. చిత్తు కాగితం స్థానంలో ఇవాళ కీబోర్డు వచ్చింది కానీ ఈ వరస ఇసుమంతైనా మారలేదు, మారకూడదు కూడా.

రిపోర్టు సంగతికొస్తే నాకు ఒక మనస్తాపం ఉంది. గొంతుతో మాట్లాడేటప్పుడు మాట ఎంత స్పష్టంగా అర్థమైందో 1 నుంచి 5 వరకు, సిగ్నల్ ఎంత బలంగా ఉందో 1 నుంచి 9 వరకు చెప్పాలి. మోర్స్‌లో అయితే ధ్వని నాణ్యతకు ఇంకో అంకె, అదీ 9 వరకు. మంచి కొలమానం. కానీ ఎక్కువ స్టేషన్లతో మాట్లాడే పోటీల హడావుడిలో అందరికీ 59 ఇవ్వడం అలవాటైంది. ఆ అలవాటు మామూలు రోజుల్లోకీ పాకింది. మూడుసార్లు పేరు అడిగించుకుని, చివరికి ‘మీరు ఫైవ్ నైన్’ అంటారు. యాంటెన్నా తీగ మార్చి ఫలితం చూసుకుందామనుకునే కుర్రవాడికి ఆ 59 ఏం చెబుతుంది? సగం వినిపిస్తే 33 అని రాయాలి. అది అమర్యాద కాదు, సాయం.

పాత షావుకార్ల దుకాణాల్లో రెండు రకాల లెక్కల పుస్తకాలుండేవి. చిట్టాలో ఆ రోజు జరిగినవి జరిగిన వరసలో రాసేవాళ్లు. తర్వాత తీరిగ్గా కూర్చుని, ఎవరి పద్దు వాళ్ల కింద ఆవర్జాలోకి ఎక్కించేవాళ్లు. రామయ్య బాకీ ఎంతో తెలియాలంటే చిట్టా తిరగేయరు, ఆవర్జాలో రామయ్య పుట తీస్తారు. కాగితపు లాగ్ అచ్చంగా చిట్టాయే. అందులో వరస ఉంటుంది, వెతుకులాట కుదరదు. ఫలానా స్టేషన్‌తో ఇదివరకు మాట్లాడానా, ఏ బ్యాండ్‌లో మాట్లాడాను అని తెలుసుకోవాలంటే పుటలన్నీ తిప్పాలి. శ్రద్ధ ఉన్నవాళ్లు కార్డుల మీద విడిగా ఆవర్జా రాసుకునేవాళ్లు. పోటీల్లో ఒక స్టేషన్‌ను ఒకే బ్యాండ్‌లో రెండుసార్లు లెక్కలో వేసుకోకుండా పక్కన గళ్ల కాగితం పెట్టుకుని ఒక్కో కాల్‌సైన్ అందులోనూ గీసేవాళ్లు. మాట్లాడేది ఒక నోరు, రాసేవి రెండు చేతులు అన్నట్టుండేది పని.

కంప్యూటర్ మొదట తీసేసింది ఈ రెండో రాతనే. 1980ల్లో అమెరికన్ హామ్ కెన్ వుల్ఫ్ తయారుచేసిన సీటీ అనే ప్రోగ్రాం పోటీల లాగింగ్ తీరు మార్చేసింది. కాల్‌సైన్ టైపు చేస్తుండగానే ఇది పాతదా కొత్తదా అన్నది తెర మీద కనబడేది. ఇప్పుడు పోటీల్లో ఎక్కువమంది వాడే ఎన్1ఎంఎం లాగర్ కూడా హామ్‌లే తీరిక వేళల్లో రాసి, ఉచితంగా పంచుతున్నది. రోజువారీ వాడకానికి డీఎక్స్‌ల్యాబ్, లాగ్4ఓఎం, లాగర్32, లైనక్స్ వాళ్లకు సీక్యూఆర్‌లాగ్ ఉన్నాయి. ఏది మంచిదని అడిగేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. మీ ఊళ్లో మీకు ఫోన్ చేసి నేర్పగల హామ్ ఏది వాడుతున్నాడో అది పెట్టుకోండి.

ఇప్పుడు చిట్టా రాస్తుంటే ఆవర్జా తనంతట తాను తయారవుతుంది. రేడియో నుంచి కంప్యూటర్‌కు ఒక కేబుల్ వేస్తే ఫ్రీక్వెన్సీ, పద్ధతి కూడా మనం రాయక్కర్లేదు. గడియారం కంప్యూటర్‌లో ఉంది. కాల్‌సైన్ మొదటి అక్షరాలను బట్టి దేశం, ఖండం, యాంటెన్నా తిప్పాల్సిన దిక్కు వచ్చేస్తాయి. ఆపరేటర్‌కు మిగిలింది వినడం, కాల్‌సైన్ కొట్టడం.

ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. ఒక ఆదివారం ఉదయం నేను 20 మీటర్ల నుంచి 40 మీటర్లకు దిగి, గంటసేపు దక్షిణాది మిత్రులతో మాట్లాడి, లాగ్ చూస్తే అన్నీ 20 మీటర్ల కిందే పడి ఉన్నాయి. రేడియో వెనక కేబుల్ వదులైంది. ప్రోగ్రాం తనకు చివరగా తెలిసిన బ్యాండ్‌నే పట్టుకుని కూర్చుంది. అవతలి పుస్తకాల్లో 40 అని ఉంటుంది, నా దాంట్లో 20. సరిపోలేదెప్పటికి? గుర్తుండగానే కూర్చుని ఒక్కొక్కటీ దిద్దాను. వారం తర్వాత చూసి ఉంటే దిద్దే హక్కు నా జ్ఞాపకానికి ఉండేది కాదు. అప్పటినుంచి బ్యాండ్ మార్చిన ప్రతిసారీ మొదటి పద్దు వైపు ఒకసారి కన్ను వేస్తాను.

అంతకంటే లోతైన చిక్కు ఇంకోటుంది. సీక్యూ వరల్డ్‌వైడ్ అనే పోటీ 1948 నుంచి సాగుతోంది. గొంతు విభాగం అక్టోబరు ఆఖరి వారాంతంలో, మోర్స్ విభాగం నవంబరు ఆఖరి వారాంతంలో, ఒక్కోటి 48 గంటలు. అందులో ఒకరికొకరు చెప్పుకోవాల్సింది రిపోర్టు, తమ జోన్ నంబరు. భారతదేశం 22వ జోన్, అండమాన్ 26. అమెరికాను మూడు ముక్కలు చేసి 3, 4, 5 అన్నారు. డబ్ల్యూ6 అని కొట్టగానే కాలిఫోర్నియా అనుకుని ప్రోగ్రాం 3 నింపేస్తుంది. కానీ అమెరికాలో ఇల్లు మారినా కాల్‌సైన్ మార్చుకోనక్కర్లేదు. ఆ డబ్ల్యూ6 ఆయన ఫ్లోరిడాలో స్థిరపడి ఉంటే చెప్పేది 5. ఆయన గొంతు 5 అంటోంది, తెర 3 అంటోంది. నిద్ర లేని రెండో రాత్రి, వందల మంది పిలుస్తున్న వేళ, మనిషి తెరనే నమ్ముతాడు. చెవి ఆ క్షణంలో ఓడిపోతుంది.

పోటీ ముగిశాక అందరూ తమ లాగ్‌లు నిర్వాహకులకు పంపుతారు. వేలాది లాగ్‌లను కంప్యూటర్ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూస్తుంది. మీరు రాసిన కాల్‌సైన్ తప్పయితే ఆ మార్కులు పోతాయి, అదనంగా కోత కూడా పడుతుంది. మీరు మాట్లాడానని రాసి, అవతలివాళ్ల లాగ్‌లో మీ పేరే లేకపోతే దాన్ని ‘నాట్ ఇన్ లాగ్’ అంటారు. హామ్‌ల భాషలో ఇంత చేదు మాట ఇంకోటి లేదు. పోటీ అయ్యాక రికార్డింగులు మళ్లీ విని, డేటాబేస్‌లు వెతికి లాగ్‌లో కాల్‌సైన్‌లు దిద్దుకోవడం నిషిద్ధం. ఆ క్షణంలో ఏం విన్నావో అదే నీ లాగ్. ఈ నియమం నాకు ఎంతో ఇష్టం.

2017లో వచ్చిన ఎఫ్‌టీ8 పద్ధతి చూసి చాలామంది పెద్దవాళ్లు ముఖం చిట్లించారు. 15 సెకన్ల వంతులు, చెవికి వినపడనంత బలహీనమైన సిగ్నల్‌ను కూడా కంప్యూటర్ చదివేస్తుంది. మాట అయిపోగానే లాగ్ గడులన్నీ నిండిన పెట్టె తెర మీద లేస్తుంది, ఒక నొక్కు నొక్కితే పద్దు పడుతుంది. మనిషేం చేశాడని వాళ్ల ప్రశ్న. తయారుచేసిన ఇద్దరిలో ఒకరు జో టేలర్, జంట పల్సర్‌ను కనుగొన్నందుకు 1993లో భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్న శాస్త్రవేత్త, చిన్ననాటి నుంచీ హామ్. అపార్ట్‌మెంట్ బాల్కనీలో రెండు మీటర్ల తీగ తప్ప గతి లేని కూకట్‌పల్లి కుర్రవాడు ఇవాళ బ్రెజిల్‌ను అందుకుంటున్నది ఈ పద్ధతి వల్లే. ఇంకో మేలు కూడా చూశాను. ఎఫ్‌టీ8లో రిపోర్టు మనిషి మర్యాద కోసం ఇచ్చేది కాదు. సిగ్నల్, రొదల నిష్పత్తిని కొలిచి డెసిబెల్స్‌లో వస్తుంది. మైనస్ 17 అంటే మైనస్ 17. నేను ఇన్నాళ్లూ 59ల మీద పడిన బాధకు ఇక్కడ ఊరట దొరికింది. కంప్యూటర్ గడియారం మాత్రం ఒక్క సెకను కూడా అటూఇటూ కాకుండా చూసుకోవాలి. గడియారం తప్పితే ఇందులో మాటే కలవదు.

రెండు పుస్తకాలు కలిపి చూసే పని ఒకప్పుడు తపాలాది. మాట్లాడినవాళ్లకు మన కాల్‌సైన్, మన ఊరి బొమ్మ అచ్చువేసిన క్యూఎస్ఎల్ కార్డు పంపేవాళ్లం, లాగ్‌లోని పద్దు దాని మీద రాసి. అవతలి కార్డు రావడానికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు. ఇప్పటికీ కార్డు అందుకోవడంలో ఉన్న ఆనందం వేరు. కానీ అవార్డులకు నిర్ధారణలు కావాలంటే దారి మారింది. 2003 సెప్టెంబరులో అమెరికా హామ్‌ల సంఘం ఏఆర్‌ఆర్‌ఎల్ ‘లాగ్‌బుక్ ఆఫ్ ది వరల్డ్’ మొదలుపెట్టింది. ఎవరి లాగ్ వాళ్లు డిజిటల్ సంతకం చేసి అందులోకి పంపుతారు. కాల్‌సైన్, బ్యాండ్, పద్ధతి కలిసి, రెండు సమయాల మధ్య తేడా అరగంటలోపు ఉంటే అది నిర్ధారణ. మనవాళ్లలో కొందరికి ఏళ్ల తరబడి ఒక్కటీ కలవకపోవడానికి కారణం ఏమిటంటే, ప్రోగ్రాంలో మన సమయమే పెట్టి వదిలేయడం. ఐదున్నర గంటల తేడా అరగంటలో ఎక్కడ ఇముడుతుంది? వంద దేశాలతో మాట్లాడిన నిర్ధారణలుంటే డీఎక్స్‌సీసీ అవార్డు. దాని జాబితాలో ప్రస్తుతం 340 ప్రాంతాలున్నాయి. ఆ లెక్కలో అండమాన్ నికోబార్, లక్షద్వీప్ మన ప్రధాన భూభాగం నుంచి విడిగా ఉన్నాయి.

ఆ అండమాన్ కథలో తెలుగు నేల పేరుంది. హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియోకు చెందిన భారతీ ప్రసాద్ నాయకత్వంలో ఒక బృందం 2004 డిసెంబరులో పోర్ట్‌బ్లెయిర్ వెళ్లి, వీయూ4ఆర్‌బీఐ అనే కాల్‌సైన్‌తో ప్రపంచాన్ని పిలిచింది. అండమాన్ ఏళ్ల తరబడి గాలిలో వినిపించని చోటు. దానికోసం కాచుకున్న హామ్‌లు ఖండఖండాల నుంచి ఎగబడ్డారు. ప్రతివాడి మనసులో ఒకటే ప్రశ్న, నేను ఆ లాగ్‌లో ఉన్నానా? డిసెంబరు 26 ఉదయం భూమి కంపించింది, సునామీ వచ్చింది. అవార్డుల కోసం నడుస్తున్న ఆ స్టేషన్ ఆ రోజు నుంచి క్షేమసమాచారాలు మోసింది. ద్వీపాలతో మాట కలిపే దారులు తెగిపోయిన వేళ, ఎవరు ఎవరిని అడుగుతున్నారో, ఎవరు బతికి ఉన్నారో చెప్పిన గొంతు అది. అటువంటి రోజున లాగ్‌లో తప్పు పేరు, తప్పు సమయం అంటే ఒక ఇంట్లో రెండు రోజుల అనవసర ఏడుపు. మామూలు రోజుల్లో ఇటలీ స్టేషన్ కాల్‌సైన్‌ను మూడుసార్లు అడిగి రాసుకున్న అలవాటే ఆపద వేళ చేతికి అందుతుంది.

ఉపగ్రహం మీదుగా సాగిన మాటలకూ లాగ్ ఉంటుంది. 2005 మే 5న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ సీ6 మీద హామ్‌ల కోసం ఇస్రో పంపిన హామ్‌శాట్ ఉపగ్రహం తొమ్మిదేళ్లకు పైగా పనిచేసింది. 435 మెగాహెర్ట్జ్‌లో పైకి పంపి, 145లో కిందికి వినేవాళ్లం. అటువంటి పద్దుకు లాగ్‌లో రెండు బ్యాండ్‌లూ, ఉపగ్రహం పేరూ రాయాలి. అది మూగబోయాక దాని మాటలు ఆ పద్దుల్లోనే ఉన్నాయి.

శాస్త్రవేత్తలకూ ఈ లాగ్‌లు పనికొస్తున్నాయి. 2017 ఆగస్టు 21న అమెరికా మీదుగా సంపూర్ణ సూర్యగ్రహణం వెళ్లినప్పుడు, నీడ కింద అయనావరణం ఎలా మారిందో చూడటానికి హామ్‌ల చేత ప్రత్యేకంగా మాట్లాడించి, ఆ రికార్డులను పరిశీలించారు. ఏ నిమిషంలో ఏ ఊరికి ఏ ఊరు వినిపించిందనే లక్షల సాక్ష్యాలు అంత తక్కువ ఖర్చుతో ఇంకెక్కడ దొరుకుతాయి? మనం ఇంట్లో కూర్చుని రాసిన ప్రతి పద్దు ఆకాశం గురించి ఒక కొలత కూడా. సూర్యుడి 11 ఏళ్ల చక్రంలో 10 మీటర్ల బ్యాండ్ ఎప్పుడు తెరుచుకుంది, ఎప్పుడు మూతపడింది అన్నది ముప్ఫై ఏళ్ల లాగ్ ఉన్న హామ్‌ను అడగండి. ఆయన పుటలు తిప్పి చూపిస్తాడు.

లాగ్ ఒక ప్రోగ్రాం నుంచి ఇంకో ప్రోగ్రాంకు వెళ్లడానికి ఏడీఐఎఫ్ అనే ఉమ్మడి రాత 1996లో వచ్చింది. ఎంతో మేలు చేసింది. మనవాళ్లు మాత్రం ఒకటి గుర్తుపెట్టుకోవాలి. ఆ ఫైలు మామూలు రూపంలో ఇంగ్లిషు అక్షరాలను మాత్రమే మోస్తుంది. ‘సుబ్బారావు గారు, నరసాపురం, మనవరాలి పెళ్లి కబురు చెప్పారు’ అని తెలుగులో రాసుకున్న ముక్క ఫైలు మార్చేటప్పుడు ప్రశ్నార్థకాలై పోవచ్చు. దాని ఎక్స్‌ఎంఎల్ రూపంలో ఇతర భాషలకు చోటుంది కానీ, మీ ప్రోగ్రాం దాన్ని వాడుతుందో లేదో చూసుకోండి. నేనైతే తెలుగు కబుర్లకు పక్కన ఒక నోట్‌బుక్ ఉంచుకున్నాను.

2024 మే నెలలో ఏఆర్‌ఆర్‌ఎల్ కంప్యూటర్ల మీద దాడి జరిగి, లాగ్‌బుక్ ఆఫ్ ది వరల్డ్ జులై 1 వరకు మూతపడింది. సొంత లాగ్ ఇంట్లో ఉన్నవాళ్లకు ఆ వారాల్లో పోయిందేమీ లేదు, తెరిచాక పంపారు. అందుకని ఒక ఫైలు కంప్యూటర్‌లో, ఒకటి పెన్‌డ్రైవ్‌లో, ఇంకోటి వేరే ఇంట్లో ఉంచండి. ఇంకో విన్నపం. మీ ఇంట్లో, మీకు తెలిసిన ఇంట్లో కాలం చేసిన హామ్ ఎవరైనా ఉంటే, ఆయన లాగ్ పుస్తకాలు అటక మీద ఉంటాయి. వాటిని పాత పేపర్లతో కలిపి తూకానికి వేయకండి. దగ్గర్లోని హామ్ క్లబ్బుకు కబురు పంపండి, వచ్చి పుటలన్నీ ఫొటోలు తీసుకుంటారు. ఆ పుస్తకాల్లోని ప్రతి వరసకు జోడీ వరస ప్రపంచంలో ఎక్కడో ఇంకో పుస్తకంలో ఉంది.